రోజుకో పావుగంట రాత: నాకు కుదిరిన పద్ధతి

చాలా ఏళ్లు నా రాతంతా ఆదివారం మీదే ఆధారపడి ఉండేది. ఆఫీసు, ఇద్దరు పిల్లలు, ఇంటి పని అయ్యాక వారం మధ్యలో కుదరదు కదా, ఆదివారం తీరిగ్గా కూర్చుందాం అనుకునేదాన్ని. ఆ రోజు ఎలాగో ఒక గంట దొరికినా, కిందటి వారం ఎక్కడ ఆపానో వెతుక్కుని, చదువుకుని, మళ్లీ కథలోకి దిగేసరికే ఆ గంట అయిపోయేది. మొదలుపెట్టడానికే సమయమంతా పోతోందని అర్థమయ్యాక రోజూ పావుగంటకి మారాను. మూడేళ్లయింది. రోజూ ముట్టుకునే కథ బుర్రలో వెచ్చగా ఉంటుంది, వెతుక్కోవాల్సిన పని ఉండదు.

ముందుగా, రాతని గడియారానికి కాకుండా మీరు రోజూ ఎలాగూ చేసే ఒక పనికి ముడిపెట్టండి. 'ఏడింటికి రాస్తాను' అనుకుంటే, ఏడుంబావు అయ్యేసరికి ఇవాళ్టికి పోయిందిలే అనిపిస్తుంది. 'ఫలానా పని అవగానే రాస్తాను' అనుకుంటే ఆ పని ఆలస్యమైనా రాత దాని వెనకే వస్తుంది. పీటర్ గోల్‌విట్జర్ అనే సైకాలజిస్టు ఇలాంటి 'ఇది జరిగితే అది చేస్తాను' అనే నిర్ణయాల మీద చాలా పరిశోధన చేశారు. ఊరికే చెయ్యాలి అనుకోవడం కన్నా, ఎప్పుడు ఎక్కడ అన్నది ముందే తేల్చుకున్నవాళ్లు ఆ పని చేసే అవకాశం ఎక్కువని అందులో తేలింది. నా విషయంలో ఆ గుర్తు పిల్లల స్కూల్ వ్యాన్. అది మలుపు తిరగ్గానే లోపలికొచ్చి, మధ్యలో ఇంకే పనీ ముట్టుకోకుండా కుర్చీలో కూర్చుంటాను. 'ముందు ఈ ఒక్కటి సర్దేసి' అన్నామా, పావుగంట పోయినట్టే. సెలవు రోజున వ్యాన్ రాదు కాబట్టి ఆ రోజుకి వేరే గుర్తు ఉండాలి. నేను స్నానం చేసి రాగానే కూర్చుంటాను.

ఎంత రాయాలన్న లెక్క దగ్గర మనుషులు వేరువేరుగా ఉంటారు. ఇంగ్లిష్ నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూనే పొద్దున ఐదున్నరకల్లా బల్ల దగ్గర కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకి 250 మాటల చొప్పున రాసేవారు. ఆయన నవలలు 47. నేను ఆ పావుగంట తీసుకున్నాను, మాటల లెక్క వదిలేశాను. మాటలు లెక్కపెడితే నాకు టెన్షన్ వస్తుంది, వాక్యం పాడవుతుంది. కొన్ని రోజులు పేజీ నిండుతుంది, కొన్ని రోజులు నాలుగు లైన్లే. రెండూ రాసిన రోజులే. అలారం కోసం ఫోన్ వాడకండి. ఫోన్ పక్క గదిలో ఉండాలి. బల్ల మీద చిన్న అలారం గడియారం చాలు.

నాకు అన్నిటికన్నా ఎక్కువ సాయపడినది ఇప్పుడు చెప్తాను. అలారం మోగగానే వాక్యం మధ్యలోనే ఆపేయండి. పూర్తి చేయాలని చెయ్యి లాగుతుంది, అయినా ఆపేయాలి. ఒకరోజు నేను 'తాళం తీసి చూస్తే గదిలో దీపం' అని రాసి ఆపాను. ఆఫీసుకి వెళ్లేదారిలో ఆ దీపం ఆరిపోయి ఉందనే అనుకుంటున్నాను, ముందు రోజు నుంచీ నా ఆలోచన అదే. మధ్యాహ్నం ఫైళ్లు సర్దుతుంటే అనిపించింది, వెలుగుతూ ఉంటే? వెలుగుతూ ఉందంటే ఎవరో ఇప్పుడే బయటికి వెళ్లారు. తాళం వేసి మరీ వెళ్లారు. అంటే వాళ్ల దగ్గర ఇంకో తాళంచెవి ఉంది. మర్నాడు కూర్చోగానే 'వెలుగుతూనే ఉంది' అని రాసి, ఆగకుండా పేజీ నింపాను. అదే ముందు రోజు వాక్యం ముగించేసి ఉంటే దీపం ఆరిపోయే ఉండేది, ఆ రెండో తాళంచెవి నా కథలోకి వచ్చేదే కాదు. రాసేది పావుగంటే అయినా, సగం వాక్యం మిగతా రోజంతా లోపల పని చేస్తూనే ఉంటుంది.

రాసేటప్పుడు దిద్దకండి. దిద్దుబాటుకి నేను వారానికి ఒక రాత్రి వేరే పెట్టుకున్నాను.

ఇక తప్పిపోయే రోజులు. కిందటేడు మా చిన్నదానికి జ్వరం తగిలి తొమ్మిది రోజులు పెన్సిల్ పట్టలేదు. ఇంత కష్టపడి తెచ్చుకున్న అలవాటు పోయిందేమోనని చాలా బాధపడ్డాను. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. ఒక పని ఆలోచించకుండా చేసేసేంత అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టిందట. కానీ మనిషిని బట్టి, పనిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టం కనిపించలేదని కూడా వాళ్లు రాశారు. నాది ఒక రోజు కాదు, తొమ్మిది. అయినా పదో రోజు వ్యాన్ వెళ్లగానే కాళ్లు వాటంతటవే కుర్చీ వైపు నడిచాయి. ఆ రోజు పోగొట్టుకున్నదంతా రాసేయాలని కూర్చోలేదు. ఆగి ఉన్న సగం వాక్యం పూర్తిచేసి, ఇంకో సగం రాసి లేచాను. విరామం తర్వాత మొదటి రోజు అంతకన్నా ఎక్కువ పెట్టుకోకండి.

మొదటి రోజుకి మీ దగ్గర సగం వాక్యం ఉండదు కాబట్టి, దాన్ని ముందు రాత్రే తయారు చేసుకోవాలి. పడుకునే ముందు నోట్‌బుక్‌లో ఒక వాక్యం మొదలుపెట్టండి. ఇవాళ చూసిన మనిషి గురించైనా సరే, విన్న మాట గురించైనా సరే. సగంలో ఆపేసి, పెన్సిల్ ఆ పేజీలోనే ఉంచి, పుస్తకం బల్ల మీద పెట్టేసి పడుకోండి.