చిన్న హాల్లో సభ, చర్చ, సినిమా: నడపడం ఎలా

ముందు హాలు సంగతి. గ్రంథాలయం మీద ఖాళీగా పడున్న గది, ఉద్యోగ సంఘం భవనం, కాలనీ కమ్యూనిటీ హాలు, ఎవరిదో డాబా మీద రేకుల షెడ్డు, ఏదైనా సరే, యాభై మంది పడితే చాలు. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన లామకాన్ అనే సాంస్కృతిక వేదిక కూడా ఒక ఇల్లే. ముప్ఫై మంది వచ్చే సభకు మూడొందల సీట్ల కల్యాణమండపం తీసుకుంటే వచ్చినవాళ్లు కూడా తలుపు దగ్గర కుర్చీల్లోనే కూర్చుంటారు, మాట్లాడేవాడికి ఉత్సాహం చస్తుంది. హాలు చూడ్డానికి వెళ్లినప్పుడు వేదిక ఎంత బాగుందో తర్వాత చూద్దురుగానీ, ఆడవాళ్లకు బాత్రూం ఉందా, అందులో నీళ్లొస్తున్నాయా, పెద్దవాళ్లు ఎక్కగలిగే మెట్లేనా, ప్లగ్గులు ఎక్కడున్నాయి, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఇవి కనుక్కోండి. ముఖ్యంగా తాళం. ఆయన ఫోన్ నంబరు ఇద్దరి దగ్గరైనా ఉండాలి.

రోజు ఒకటే పెట్టుకోండి, ప్రతి నెలా రెండో శనివారం సాయంత్రం అన్నట్టు. నెలనెలా తేదీ మారుస్తుంటే ఎవరికీ గుర్తుండదు. ముహూర్తాల రోజుల్లో జనం రారు. ఆషాఢంలో మొదలుపెట్టుకుంటే మంచిది, పెళ్లిళ్లుండవు, హాళ్లూ ఖాళీ, మనుషులూ ఖాళీ.

ఇక అసలు విషయం. మన సభలు పాడయ్యేది వేదిక మీద. అధ్యక్షుడు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, సమన్వయకర్త, వందన సమర్పణ చేసేవాడు, ఒక్కొక్కరూ ‘ఎక్కువ సమయం తీసుకోను’ అంటూనే పావుగంట తీసుకుంటారు, శాలువాలు, ఫొటోలు, ఇవన్నీ అయ్యి అసలు వక్త లేచేసరికి గంటన్నర. చివర్లో ‘సమయాభావం వల్ల ప్రశ్నలకు అవకాశం లేదు’. కింద కూర్చున్నవాళ్లు మళ్లీ ఎందుకొస్తారు? కాబట్టి లెక్క చివర్నించి వేసుకోండి. హాలు రెండు గంటలు మీదనుకుంటే అందులో ముప్పావుగంట శ్రోతలది అని ముందే పక్కన పెట్టేసి, మిగిలినదాంట్లోనే ఉపన్యాసం, పరిచయం అన్నీ ఇమడ్చాలి. వేదిక మీద ఇద్దరు చాలు, వక్త, సభ నడిపేవాళ్లు. జ్యోతి ప్రజ్వలన మానేసినా ఏ దేవుడూ ఏమీ అనుకోడు. శాలువా డబ్బులు వక్త బస్సు ఛార్జీలకూ భోజనానికీ పెట్టండి, దాన్ని ఆయన అడిగేదాకా ఆగకుండా పిలిచినప్పుడే చెప్పండి. నలభై నిమిషాలే అన్న మాట కూడా అప్పుడే చెప్పాలి. వేదిక ఎక్కాక చీటీ పంపిస్తే చదివి జేబులో పెట్టుకుంటారు.

ప్రశ్నల సమయంలో మైకు ఎవరి చేతికీ ఇచ్చేయకూడదు, మీ మనిషే పట్టుకుని తిరగాలి. ప్రతి ఊళ్లోనూ ఒకాయన ఉంటాడు, లేచి ‘నాది రెండు ముక్కలు’ అంటాడు, అది 1975 నుంచి మొదలవుతుంది. ‘సార్, ప్రశ్నలోకి వచ్చేద్దాం’ అని నవ్వుతూ అనగలిగిన మనిషే సభ నడపాలి, అలాంటివాళ్లు దొరికితే వదలొద్దు. మొదటి ప్రశ్న మగవాళ్లకిస్తే చివరిదాకా మైకు వాళ్లలోనే తిరుగుతుంది, అందుకని మొదటి రెండూ ఆడవాళ్లకో కుర్రాళ్లకో ఇవ్వండి. లేచి మాట్లాడడానికి మొహమాటపడేవాళ్ల కోసం చిన్న కాగితాలూ పెన్నులూ పెడితే అసలైన ప్రశ్నలు వాటిలోనే వస్తాయి.

చర్చ పెట్టేటప్పుడు ‘సెల్‌ఫోన్ వరమా శాపమా’ లాంటివి వద్దు, అది స్కూల్లో వక్తృత్వపోటీ. వచ్చినవాళ్లకు పట్టే విషయం తీసుకోండి: పాత బస్టాండు స్థలంలో మార్కెట్ కట్టాలా పార్కు కట్టాలా, ఇంగ్లీషు మీడియం ఎన్నో తరగతి నుంచి. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు, తలా ఏడు నిమిషాలు, ఆరో నిమిషంలో ఒకసారి గంట కొట్టాలి. ఎదుటివాళ్ల వాదాన్ని వాళ్లు ఒప్పుకునేలా ఒకసారి చెప్పి, ఆ తర్వాతే ఖండించాలని నియమం పెట్టండి. టీవీ డిబేట్ అలవాటైపోయినవాళ్లకు ఇది మొదట్లో నచ్చదు గానీ అరుపులు సగం తగ్గిపోతాయి. ఊరి విషయమైతే పార్టీవాళ్లు వస్తారు, రానివ్వండి, జెండాలూ కండువాలూ మాత్రం బయటే.

సినిమాకు పని ఎక్కువ. ఓటీటీ చందా ఇంట్లో చూసుకోడానికి ఇచ్చింది, టికెట్ పెట్టకపోయినా హాల్లో వేసే హక్కు దాంతో రాదు. డాక్యుమెంటరీలూ షార్ట్ ఫిల్ములూ తీసినవాళ్లకు నేరుగా రాయండి, చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు, దారి ఖర్చులిస్తే వచ్చి మాట్లాడతారు కూడా. ఆ ఒప్పుకోలు మెయిల్లోనో వాట్సాప్‌లోనో రాతలో ఉండాలి, సెన్సార్ సర్టిఫికెట్ సంగతీ అప్పుడే అడగండి. పాత సినిమాలైతే మన చట్టంలో సినిమా కాపీరైటు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ఆ లెక్కన 1957 నాటి మాయాబజార్‌ది 2017 చివరితో తీరిపోయింది, కానీ 2010లో రంగులద్ది వదిలిన ప్రతి సంగతి వేరు, దాన్ని వేసుకోవచ్చని అనుకోకండి. పైగా అది మూడు గంటల సినిమా. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, తర్వాత కూర్చుని మాట్లాడే ఓపిక ఎవరికి? మొదట్లో గంట, గంటంబావు లోపు సినిమాలే వేయండి.

బొమ్మ కన్నా శబ్దం ముఖ్యం, ఇది చాలామంది పట్టించుకోరు. ప్రొజెక్టర్‌లో ఉండే చిన్న స్పీకర్ నలభై మందికి చాలదు, స్పీకర్లు తెర పక్కన పెట్టి, ఫ్యాన్లన్నీ వేసి, చివరి వరసలో కూర్చుని వినండి. కిటికీలకు నల్లగుడ్డ కట్టలేకపోతే చీకటి పడ్డాకే మొదలుపెట్టాలి. హైదరాబాద్‌లో మే చివర్లో పొద్దుగూకేసరికి ఆరూముప్పావు అవుతుంది, డిసెంబర్లో గంట ముందే. తెలుగు సబ్‌టైటిల్స్ ఉంటే ఆ ఫైలు యూటీఎఫ్-8లో, అంటే తెలుగు అక్షరాలు పాడవకుండా సేవ్ చేసే పద్ధతిలో, ఉందో లేదో, ప్లేయర్‌లో తెలుగు ఫాంట్ పెట్టారో లేదో ముందు రోజే చూసుకోండి, లేకపోతే తెర మీద గళ్లు వస్తాయి. సినిమా నెట్ మీద ఆధారపడకుండా ల్యాప్‌టాప్‌లోనే ఉండాలి, వాట్సాప్ మూసేయాలి, లేకపోతే మీ ఇంటి సంగతులన్నీ ఆరడుగుల అక్షరాల్లో ఊరంతా చదువుతుంది. కరెంటు పోతే ప్రొజెక్టర్‌కు యూపీఎస్ ఉందా? లేకపోతే ఆ పది నిమిషాల్లో ఏం మాట్లాడాలో ఒకరు సిద్ధంగా ఉండాలి.

ఆరుబయట వేస్తే మైకుకు పోలీసుల అనుమతి తీసుకోండి, రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకర్ కుదరదు. పక్కింటివాళ్లను ముందే పిలవండి, పిలిచినవాళ్లు ఫిర్యాదు చేయరు.

డబ్బు విషయంలో మొహమాటం వద్దు. తలుపు దగ్గర డబ్బా, పక్కన బోర్డు మీద ఆ రోజు ఖర్చు: హాలు ఇంత, కుర్చీలు ఇంత, టీ ఇంత. పెద్ద స్పాన్సర్ దొరికితే బ్యానర్ మీద ఆయన ఫొటో వస్తుంది, వచ్చే నెల ఆయన వేదిక మీదకొస్తాడు, మళ్లీ శాలువాలు మొదలు. టీ మాత్రం కార్యక్రమం అయ్యాక ఇవ్వండి, ముందిస్తే తాగి వెళ్లిపోయేవాళ్లుంటారు. హాలు ఇంకో అరగంట మీ చేతిలో ఉండేలా అద్దె మాట్లాడుకుంటే టీ గ్లాసులతో నిలబడి మాట్లాడుకుంటారు, వచ్చే నెల ఏం పెట్టాలో ఆ గుంపుల్లో తిరిగి రాసుకోండి.