ఈకల కంఫర్టర్ ఉతకడం తేలికే, ఆరబెట్టడమే అసలు పని

చలిదేశానికి కొత్తగా వచ్చినవాళ్లు తొందరగా కొనేవాటిలో ఈకల కంఫర్టర్, అంటే లోపల ఈకలు నింపిన మందపాటి బొంత, ఒకటి. దీన్ని దుప్పటిలా వారం వారం ఉతక్కండి. పైకవర్ వారానికో, రెండు వారాలకో ఉతుకుతూ ఉంటే లోపలిదానికి ఏడాదికి ఒకటి రెండు ఉతుకులు చాలు.

ముందు లేబుల్ చూడండి. తొట్టి బొమ్మ మీద కొట్టివేత ఉంటే ఇంట్లో ఉతకకూడదు. తొట్టిలో 30 అనో 40 అనో ఉంటే నీళ్ల వేడి అన్ని డిగ్రీలు దాటకూడదు. తర్వాత అంచుల కుట్లన్నీ తడిమి, తెగినచోట సన్న సూదితో కుట్టేయండి. ఎక్కడైనా ఈక కాడ పొడుచుకొస్తే బయటికి పీకకండి, రంధ్రం పెద్దదవుతుంది. అవతలివైపు నుంచి బట్టతో కలిపి పట్టుకుని లోపలికి లాగి, ఆ చోటును వేళ్లతో రుద్దండి.

ముందువైపు తలుపున్న మిషనే మంచిది. మధ్యలో కడ్డీ తిరిగే మిషన్‌లో కంఫర్టర్ దానికి చుట్టుకుని కుట్లు తెగుతాయి. డ్రమ్ములో కుక్కి కుక్కి పెట్టాల్సి వస్తోందంటే ఆ మిషన్ చాలదు, లాండ్రోమ్యాట్‌లోని (డబ్బులిచ్చి మిషన్లు వాడుకునే దుకాణం) పెద్దదానికి తీసుకెళ్లండి.

డిటర్జెంట్ ద్రవరూపంలో, ఎంజైములు లేనిది వాడండి, అదీ మామూలుగా పోసేదాంట్లో సగానికి మించకుండా. ఈక అంటే కెరాటిన్ అనే ప్రొటీన్. మరకలు తీసే ప్రొటియేజ్ ఎంజైమ్ దాన్నీ దెబ్బతీస్తుంది. సాఫ్టెనర్, బ్లీచ్ అసలొద్దు. సున్నితమైన సైకిల్ పెట్టి రెండుసార్లు జాడించి, చివర్లో ఇంకోసారి స్పిన్ తిప్పండి. తడిసింది చాలా బరువుంటుంది, ఒక మూల పట్టి లాగితే ఈకలు నింపిన లోపలి అరలు చిరుగుతాయి. కింద రెండు చేతులూ పెట్టి ఎత్తండి.

ఇక డ్రయ్యర్. తక్కువ వేడి మీద, శుభ్రమైన టెన్నిస్ బంతులు రెండు మూడు వేసి తిప్పండి. అరగంటకోసారి ఆపి, బయటికి తీసి, దులిపి, తిరగేసి వేయండి. పెద్దదైతే మూడు నాలుగు గంటలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. తొందరపడి వేడి పెంచితే ఈకలు పెళుసుబారతాయి. తడి ఈకల వాసన వస్తే కంగారు పడకండి, ఆరేకొద్దీ పోతుంది.

చాలామంది పొరపడేది ఇక్కడే. పైబట్ట గంటకే పొడిగా తగులుతుంది, లోపల ఈకలు ఇంకా తడిగానే ఉంటాయి. కంఫర్టర్‌ను వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి: ఏ అరలోనైనా నల్లటి ముద్దలు కనిపిస్తే అక్కడ తడి ఉన్నట్టే. ముద్దను వేళ్లతో విడదీసి మళ్లీ డ్రయ్యర్‌లో వేయండి. ఆ తడితోనే మడత పెడితే బూజు పడుతుంది, ఆ వాసన ఓ పట్టాన వదలదు.

అంతా ఆరిందనిపించాక కూడా ఒక రోజు గాలికి పరచండి. ఆ తర్వాత నూలు సంచిలో వదులుగా పెట్టండి. గాలి పీల్చేసే ప్లాస్టిక్ సంచుల్లో నెలల తరబడి నొక్కి ఉంచితే ఈకలు మళ్లీ సరిగా పొంగవు.