మాట పుట్టుక వెతకడం – 4వ పాఠం: వెర్మూత్

మాట ఒక భాష నుంచి ఇంకో భాషకు వెళ్లినప్పుడు ధ్వనులు ఎలా మారతాయో పోయిన పాఠంలో చూశాం. ఈసారి ఒక్క మాట పట్టుకుని మొదలుదాకా వెళ్దాం. మార్టినీలో జిన్‌తో కలిపే వెర్మూత్ తెలుసు కదా, మూలికల రుచి పట్టించిన వైన్. ఆ పేరు ఎక్కడిది?

నోట్‌బుక్‌లో ఇంగ్లిష్ రూపం రాసి, కింద అది ఎవరి దగ్గర నుంచి వచ్చిందో రాయండి. ఇంగ్లిష్‌కు ఫ్రెంచి నుంచి వచ్చింది, ఫ్రెంచికి జర్మన్ నుంచి. జర్మన్‌లో 'వేర్మూట్' అంటే ముందు ఒక మొక్క: ఆర్టెమీసియా అబ్సింథియం. బూడిద రంగు ఆకులు, నోట్లో పెట్టుకోలేనంత చేదు. జర్మన్లు ఈ మాటను డబ్ల్యూతో రాసి 'వ' అని పలుకుతారు. ఫ్రెంచివాళ్లు విన్నది విన్నట్టు 'వి' అక్షరంతో రాసుకున్నారు. స్పెల్లింగ్ మారిందే గానీ పలుకు పెద్దగా మారలేదు. అందుకే అక్షరం చూసి కాదు, పలికి చూసి పోల్చాలి.

మొక్క పేరు సీసా మీదికి ఎలా ఎక్కింది? జర్మన్ ప్రాంతాల్లో 16వ శతాబ్దానికే ఈ ఆకు వేసిన వైన్ తాగేవారు. 1786లో ఇటలీలోని టురిన్‌లో ఆంటోనియో బెనెడెట్టో కార్పానో తన మూలికల వైన్‌కు ఆ పేరే వాడుకున్నాడు. ఆర్టెమీసియా జాతి మొక్క ఏదో ఒకటి పడకపోతే యూరోపియన్ యూనియన్ చట్టం ఇప్పటికీ దాన్ని వెర్మూత్ అననివ్వదు. ఆ జాతి మనకు కొత్తేమీ కాదు. వినాయక చవితి పత్రిలో మొదటిదైన మాచిపత్రి, పూలదండల్లో కట్టే దవనం కూడా ఆర్టెమీసియాలే. ఈసారి మాచిపత్రి రెమ్మ దొరికితే ఆకు తిప్పి చూడండి, అడుగున తెల్లటి నూగు కనిపిస్తుంది. నలిపితే ఘాటు వాసన.

ఇక అసలు జాగ్రత్త పడాల్సిన చోటు. సేమ్యా ప్యాకెట్ మీద 'వర్మిసెల్లి' అని ఉంటుంది. ఇటాలియన్‌లో దానర్థం చిన్న పురుగులు, మూలం లాటిన్ 'వెర్మిస్'. వెర్మూత్ కూడా 'వెర్మ్' అనే మొదలవుతుంది, పైగా ఆ ఆకును కడుపులో పురుగులకు మందుగా వాడేవారు. రెండూ ఒక్కటే అనిపిస్తుంది, కానీ కావు. ఇంగ్లిష్‌వాళ్లే ఇక్కడ బోల్తా పడ్డారు. ఈ మొక్కకు పాత ఇంగ్లిష్ పేరు 'వెర్మోడ్', అంటే జర్మన్ మాటకు తోబుట్టువే. దాని అర్థం జనం మరిచిపోయాక, తెలిసిన ముక్కలు అతికించి 'వర్మ్‌వుడ్' చేసేశారు: పురుగు, కర్ర. ఇలాంటివాటిని జనవ్యుత్పత్తి అంటారు. అర్థం అతికినట్టు సరిపోతే సంతోషించకండి, పాత రూపం ఏమిటో ముందు చూడండి. నా లెక్కలో ఈ పాఠం మొత్తంలో ఒంటబట్టాల్సిన అలవాటు ఇదే.

అభ్యాసం: 'అల్మారా' మనకు పోర్చుగీసు నుంచి వచ్చింది. లాటిన్‌లో 'ఆర్మా' అంటే ఆయుధాలు. ఈ రెంటి మధ్య ఏ ధ్వని మారింది, బట్టల బీరువాకు ఆయుధాలతో పనేమిటి? ఐదు వాక్యాల్లో రాసి ఉంచుకోండి. 5వ పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.