లినక్స్ ఆడిట్ లాగ్‌కి వచ్చిన చిన్న ప్యాచ్‌ని రివ్యూ చేయడం ఎలా?

ప్యాచ్ అంటే కోడ్‌లో చేసే మార్పు. నాలుగు లైన్లే కదా అని ఓకే కొట్టేయకండి. ఆడిట్ లాగ్ అంటే ఎవరు ఏ ఫైల్ ముట్టుకున్నారో కెర్నెల్ (లినక్స్‌ని నడిపే మూల ప్రోగ్రామ్) రాసిపెట్టే చిట్టా. రేపు ఏదైనా గొడవైతే అందరూ తెరిచేది దీన్నే. కాజీపేట నిట్‌లో చదువుతున్నా, మడికొండ ఐటీ పార్కులో పనిచేస్తున్నా, కెర్నెల్ నేర్చుకోవడానికి ఇలాంటి ప్యాచ్ మంచి మొదలు.

ముందు కమిట్ మెసేజ్, అంటే ప్యాచ్‌తో పాటు రాసే వివరణ, చదవండి. ఇన్నాళ్లూ లాగ్‌లో ఏం కనపడలేదు, ఇప్పుడు ఏం కనపడుతుంది? అది రాయకపోతే మొదటి ప్రశ్న అదే.

తర్వాత కొత్తగా లాగ్ చేస్తున్న విలువ ఎవరి చేతిలో ఉందో చూడండి. అసలు పని ఇక్కడే. ఫైల్ పేరు యూజర్ పెట్టేది. ప్యాచ్‌లో దాన్ని మామూలు పర్సెంట్-ఎస్‌తో (పేరును ఉన్నదున్నట్టు రాసే గుర్తు) రాశారనుకోండి, ఎవరో తన ఫైల్‌కి ‘బిల్లు రెస్=1’ అని పేరు పెడతాడు. రికార్డు చదివే టూల్‌కి ఆ ‘రెస్=1’ నిజమైన ఫీల్డ్‌లాగే కనిపిస్తుంది, అంటే విఫలమైన పని సఫలమైనట్టు! అందుకే ఆడిట్_లాగ్_అన్‌ట్రస్టెడ్‌స్ట్రింగ్ అనే ఫంక్షన్ వాడాలి. స్పేస్, డబుల్ కోట్, ఆస్కీ కాని (తెలుగు లాంటి) అక్షరం, ఏది ఉన్నా అది మొత్తం పేరును హెక్స్‌గా (0-9, ఎ-ఎఫ్‌లతో రాసే అంకెలుగా) మార్చేస్తుంది. ‘వరంగల్’ అని తెలుగులో పేరు పెడితే లాగ్‌లో 36 హెక్స్ అంకెలు వస్తాయి. చూసి కంగారు పడొద్దు, లాగ్‌లో వెతికే ఏయూసెర్చ్ టూల్‌కి ‘ఐ’ ఆప్షన్ ఇస్తే మళ్లీ తెలుగే.

రికార్డు మొదలుపెట్టే ఆడిట్_లాగ్_స్టార్ట్ పిలిచారంటే, మధ్యలో ఎర్రర్‌తో బయటపడే దారుల్లో కూడా దాన్ని ముగించే ఆడిట్_లాగ్_ఎండ్ ఉందా చూడండి. లేకపోతే బఫర్ లీకే, అంటే తీసుకున్న మెమరీ తిరిగి రాదు. స్పిన్‌లాక్ (ఒకేసారి ఇద్దరు ఒకే డేటాను మార్చకుండా వేసే తాళం) పట్టుకున్న చోట జీఎఫ్‌పీ_కెర్నెల్ ఉంటే ఆపండి. మెమరీ అడిగేటప్పుడు అది కోడ్‌ని నిద్రపోనిస్తుంది, అక్కడ కోడ్ నిద్రపోకూడదు.

పాత ఫీల్డ్‌ల పేర్లు, వరుస మార్చారా? నా లెక్కలో ఇది దాదాపు తిరస్కరించాల్సిన విషయమే. వాటిని నమ్ముకుని టూల్స్ నడుస్తున్నాయి. కొత్త ఫీల్డ్ చివర్న చేర్చమనండి.

ఇక వర్చువల్ మెషీన్‌లో కెర్నెల్ బిల్డ్ చేసి, ప్యాచ్ లాగ్ చేసే పని ఒకసారి సక్సెస్ అయ్యేలా, ఒకసారి పర్మిషన్ లేక ఫెయిలయ్యేలా చేయండి. రెండోది చాలామంది వదిలేస్తారు, కానీ దొంగ దొరికేది అందులోనే.

రివ్యూలో ‘ఇది బాలేదు’ అని వదిలేయకుండా, మీరు పెట్టిన ఫైల్ పేరు, వచ్చిన రికార్డు యథాతథంగా అతికించండి.