ర్యామ్ మార్చాక స్క్రీన్ నల్లగా ఉండిపోతే

డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో కొత్త ర్యామ్ వేశాకో, లోపల దుమ్ము దులిపాకో ఫ్యాన్లు తిరుగుతున్నా స్క్రీన్ మీద ఏమీ రాకపోతే, మదర్‌బోర్డు పోయిందని టెన్షన్ పడకండి. చాలాసార్లు ఏదో ఒకటి సరిగ్గా కూర్చోకపోవడమే కారణం.

డీడీఆర్5 అనే కొత్త తరం ర్యామ్ అయితే ముందు కాసేపు ఆగండి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు దాన్ని పరీక్షించి సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. మధ్యలో పవర్ తీసేస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది.

అయినా రాలేదా? ప్లగ్ పీకేసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. ర్యామ్ అంతా తీసి, ఒక్క స్టిక్ మాత్రం క్లిప్ టక్కుమని పడేదాకా నొక్కి పెట్టండి. విరుగుతుందేమోనని సగం నొక్కి వదిలేసేవాళ్లే ఎక్కువ. నాలుగు స్లాట్లుంటే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది వాడాలి. ప్రాసెసర్ పక్కనుండే 8 పిన్నుల పవర్ కేబుల్ కూడా చూడండి, అది ఊడినా ఫ్యాన్లు మామూలుగానే తిరుగుతాయి! గ్రాఫిక్స్ కార్డు ఉంటే మానిటర్ కేబుల్ దానికే పెట్టాలి.

ఆఖరి ప్రయత్నంగా బోర్డు మీది నాణెంలాంటి సీఆర్2032 బ్యాటరీని ఐదు నిమిషాలు తీసి పెడితే బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) సెట్టింగులు మొదటికొస్తాయి. ఆ తర్వాత విండోస్ బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే ఏర్పాటు) రికవరీ కీ అడగొచ్చు, దాన్ని దగ్గర పెట్టుకున్నాకే ఈ పని చేయండి.