దౌత్య రక్షణ లెక్క తేల్చడం ఎలా? – 3వ భాగం: మనిషి హోదా

ముందు పోయిన భాగంలోని ప్రశ్న. ఎంబసీలో మంటలు లేచాయి, రాయబారి ఫోన్ ఎత్తడం లేదు, ఫైరింజన్ గేటు బయట ఆగి ఉంది. లోపలికి వెళ్లొచ్చా? 1961 వియన్నా ఒప్పందం 22వ అధికరణం ప్రకారం మిషన్ (ఎంబసీ) అధిపతి, అంటే రాయబారి, అనుమతి లేకుండా వెళ్లకూడదు. మంటలకని ప్రత్యేకంగా మినహాయింపేదీ అందులో రాయలేదు. అదే వీసాలు, తమ పౌరుల పనులు చూసే కాన్సులేట్ అయితే 1963 నాటి మరో వియన్నా ఒప్పందం వర్తిస్తుంది. అగ్నిప్రమాదం లాంటి ఆపదలో అనుమతి ఇచ్చినట్టే అనుకోవచ్చని దాని 31వ అధికరణం చెబుతుంది. ఈ రెండు ఒప్పందాలనూ కలిపేయకుండా చదవడం అలవాటు చేసుకోండి. ఇవాళ మళ్లీ అదే తేడాతో పని పడుతుంది.

ఇప్పుడు భవనాన్ని వదిలి మనిషి దగ్గరికి వద్దాం. "విదేశీ దౌత్యవేత్తపై కేసు" అనే వార్త చదివారనుకోండి. ఏం చేశాడన్నది కాసేపు పక్కన పెట్టి, మొదటి ప్రశ్నగా ఆయన హోదా ఏమిటో తేల్చండి. జేబులో డిప్లొమాటిక్ పాస్‌పోర్ట్ ఉన్నంత మాత్రాన అరెస్టు, కేసుల నుంచి రక్షణ రాదు. ఆతిథ్య దేశంలో ఆయనకు పదవి ఉండాలి, ఆ సంగతి అక్కడి విదేశాంగ శాఖకు తెలియజేసి ఉండాలి. అదే పాస్‌పోర్ట్‌తో సెలవులకు వేరే దేశం వెళ్తే అక్కడ ఆయన మామూలు టూరిస్టే.

ఎంబసీలో దౌత్య హోదా ఉన్నవాళ్లకు అందరికంటే గట్టి రక్షణ ఉంటుంది. 1961 ఒప్పందం 29వ అధికరణం ప్రకారం అరెస్టు చేయకూడదు, ఏ రూపంలోనూ నిర్బంధించకూడదు. (లంకలో విభీషణుడు దూతను చంపడం తప్పన్నాడు కానీ వేరే శిక్ష వేయొచ్చన్నాడు, దాంతో తోకకు నిప్పంటుకుంది. ఇప్పుడైతే అదీ కుదరదు.) 31వ అధికరణం క్రిమినల్ కేసుల నుంచి పూర్తిగా కాపాడుతుంది, సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టనివ్వదు. సివిల్ దావాల్లో మాత్రం మూడు చోట్ల రక్షణ లేదు: సొంత స్థిరాస్తి తగాదా, వ్యక్తిగత హోదాలో వచ్చిన వారసత్వ వివాదం, ఉద్యోగానికి బయట చేసిన వృత్తి లేదా వ్యాపారం. ఈ మూడోది చూడటానికి చిన్నదే గానీ కోర్టుల్లో బాగా నలిగింది. ఇంట్లో పనిమనిషిని పెట్టుకోవడం వ్యాపారం కాదు. కానీ ఆ మనిషిని బానిసలా బంధించి చాకిరీ చేయించుకుని లాభపడితే అది వ్యాపారం కిందికే వస్తుందని 2022లో బ్రిటన్ సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు ఇచ్చింది.

కింది మెట్లు త్వరగా చూసేద్దాం. పరిపాలన, సాంకేతిక సిబ్బందికి క్రిమినల్ కేసుల్లో పూర్తి రక్షణ ఉంది, సివిల్‌లో డ్యూటీలో చేసిన పనుల వరకే. డ్రైవర్లు, వంటవాళ్ల లాంటి సేవా సిబ్బందికి ఎందులోనైనా డ్యూటీ వరకే. ఆతిథ్య దేశపు పౌరులనే ఉద్యోగంలోకి తీసుకుంటే లెక్క మారుతుంది, దానికి 38వ అధికరణం చూడాలి.

కాన్సులేట్ అధికారుల దారి వేరు. 1963 ఒప్పందం 43వ అధికరణం ప్రకారం వాళ్లకు అధికారిక పనుల వరకే రక్షణ. తీవ్రమైన నేరమైతే కోర్టు ఆదేశంతో అరెస్టు కూడా చేయొచ్చు. ఈ తేడా ఎంత దూరం పోతుందో న్యూయార్క్‌లో కనిపించింది. 2013 డిసెంబర్ 12న అక్కడి భారత డిప్యూటీ కాన్సుల్ జనరల్‌ను అరెస్టు చేశారు. పనిమనిషి వీసా కాగితాల్లో జీతం గురించి అబద్ధం చెప్పారన్నది ఆరోపణ. అది అధికారిక పని కాదు కాబట్టి కాన్సులర్ రక్షణ వర్తించదని అమెరికా వాదించింది. భారత్ ఆమెను ఐక్యరాజ్యసమితిలోని తన మిషన్‌కు మార్చింది, జనవరి 8న పూర్తి దౌత్య హోదా వచ్చింది. అభియోగాలు నమోదైంది ఆ మర్నాడు. ఆ రోజుకు ఆమెకు రక్షణ ఉందంటూ మార్చి 12న జడ్జి కేసు కొట్టేశారు. రెండు రోజులకే కొత్త అభియోగపత్రం వచ్చింది, ఎందుకంటే అప్పటికి ఆమె దేశం వదిలేశారు, ఆ హోదా కూడా పోయింది. మనిషి మారలేదు, ఆరోపణ మారలేదు. తేదీ పక్కన హోదా రాసుకోకపోతే ఈ కేసు ఎన్నిసార్లు చదివినా తలకెక్కదు.

అందుకే రెండో ప్రశ్న: ఎప్పుడు? పదవి ముగిశాక సర్దుకుని వెళ్లడానికి సరిపడా గడువు ఇస్తారు, అది దాటితే రక్షణ ఆగిపోతుంది. అధికారికంగా చేసిన పనులకు మాత్రం 1961 ఒప్పందం 39వ అధికరణం కింద ఎప్పటికీ ఉంటుంది.

మూడో ప్రశ్న: సొంత దేశం ఏమంటోంది? రక్షణ మనిషి సొత్తు కాదు, పంపిన దేశానిది. "నాకు వద్దు" అని ఆయన అన్నా చెల్లదు, దేశం వదులుకున్నాక "కావాలి" అని పట్టుబట్టినా మిగలదు. 1997లో వాషింగ్టన్‌లో జార్జియా దౌత్యవేత్త తాగి కారు నడపడంతో 16 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. జార్జియా ఆయన రక్షణను వదులుకుంది, అమెరికా కోర్టు శిక్ష వేసింది. దేశం అలా వదులుకోకపోతే ఆతిథ్య దేశం చేతిలో మిగిలేది 9వ అధికరణం: కారణం చెప్పకుండానే అవాంఛిత వ్యక్తిగా ప్రకటించి పంపేయడం. 1984లో లండన్‌లో లిబియా మిషన్ కిటికీలోంచి పేలిన తుపాకీకి ఒక మహిళా పోలీసు బలైనప్పుడు కూడా బ్రిటన్ సంబంధాలు తెంచుకుని, లోపలున్నవాళ్లను దేశం దాటించింది. వినడానికి కడుపు మండుతుంది. కానీ ఆ రోజు పోలీసులు లోపలికి దూసుకెళ్లి ఉంటే, ట్రిపోలీలోని బ్రిటన్ ఎంబసీ ఉద్యోగుల గతేమిటన్న టెన్షన్ కూడా ఆ నిర్ణయం వెనక ఉంది.

ఈసారి అభ్యాసం: ఎంబసీ కంప్యూటర్ విభాగం ఉద్యోగి ఆదివారం సొంత కారులో సినిమాకు వెళ్తూ ఒకరిని ఢీకొట్టాడు. అతనిపై క్రిమినల్ కేసు నడుస్తుందా? గాయపడినవాళ్లు నష్టపరిహారానికి దావా వేయొచ్చా? అతని బదులు కాన్సులేట్ అధికారి అయితే? 1961 ఒప్పందంలో 37, 1963 ఒప్పందంలో 43 ముందు పెట్టుకుని, అధికరణం నంబరుతో సహా జవాబు రాసుకోండి. నాలుగో భాగం అక్కడి నుంచే మొదలవుతుంది.