చిన్నపిల్లల క్లాసులో రోజు చేజారేది పాఠం దగ్గర కాదు

మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల క్లాసు కొత్తగా తీసుకున్నవాళ్ళు ఎవరు అడిగినా నేను ముందు చెప్పేది ఒకటే. పాఠం గురించి అంత టెన్షన్ పడకండి. "ఇంక చాలు, క్రేయాన్స్ డబ్బాలో పెట్టేసి లైన్‌లో నిలబడండి" అన్నాక వచ్చే ఆ నాలుగు నిమిషాల గురించి ఆలోచించుకోండి.

మొదటి ఏడాది నేను రాత్రిళ్ళు కూర్చుని బొమ్మలు కత్తిరించేదాన్ని, రంగులు వేసేదాన్ని, కథలో ఎక్కడ గొంతు మార్చాలో అద్దం ముందు ప్రాక్టీస్ కూడా చేసేదాన్ని. కథ బాగానే నడిచేది. పిల్లలు నోరు తెరుచుకుని వినేవాళ్ళు, ఆహా అని నేను మురిసిపోయేలోపే కథ అయిపోయేది, తర్వాత ఏం చెయ్యాలో వాళ్ళకి తెలిసేది కాదు, నిజం చెప్పాలంటే నాకూ తెలిసేది కాదు. ఒకడు బల్ల కిందకి దూరేవాడు, ఇద్దరు ఒకే డబ్బా పట్టుకుని లాక్కునేవాళ్ళు, ఒక పాప షూ ఒకటి కనబడట్లేదని ఏడుపు, ఆ ఏడుపు చూసి ఏ కారణమూ లేకుండా ఇంకొకరు. అప్పుడు నేను అరిచేదాన్ని. ఇంటికి వెళ్ళాక నాకు కథ గుర్తుండేది కాదు, ఆ అరుపే చెవుల్లో తిరిగేది.

తర్వాత ఎప్పుడో జేకబ్ కౌనిన్ అనే అమెరికన్ పరిశోధకుడి గురించి చదివి కాస్త ఊపిరి పీల్చుకున్నాను. ఆయన క్లాసుల్ని వీడియో తీయించి, గొడవ జరిగాక మంచి టీచర్లు ఏం చేస్తారో వెతికాడు. తీరా చూస్తే గొడవ జరిగాక చేసే పనిలో వాళ్ళకీ మిగతావాళ్ళకీ పెద్ద తేడా ఏమీ లేదు. తేడా అంతా గొడవకి ముందే ఉంది: గది మొత్తం మీద కన్నేసి ఉంచడం, ఒక పని నుంచి ఇంకో పనికి ఆగకుండా, తడబడకుండా తీసుకెళ్ళడం. 1970లో ఆయన ఇదంతా పుస్తకంగా వేశాడు. నేను కింద చెప్పేవన్నీ ఇంచుమించు ఈ ఒక్క విషయం చుట్టూ తిరిగేవే.

పొద్దున గుమ్మం దగ్గర

పిల్లలు వచ్చేసరికి బల్లల మీద ఏదో ఒకటి సిద్ధంగా ఉండాలి. కొత్తది అక్కర్లేదు, చెప్పి చేయించాల్సింది అసలే వద్దు. బ్లాక్స్, మట్టి ముద్ద, పాత కాగితాలు చింపి అతికించే పని, ఇలాంటివి. వచ్చినవాళ్ళు వచ్చినట్టు కూర్చుని మొదలుపెట్టేస్తారు, మీ చేతులు ఖాళీగా ఉంటాయి, ఏడ్చేవాళ్ళని చూసుకోవచ్చు.

ఏడ్చేవాళ్ళు ఉంటారు. మొదటివారం నవ్వుతూ వచ్చినవాడు మూడోవారం గుమ్మం పట్టుకుని వేలాడితే కంగారు పడొద్దు, ఇది రోజూ ఉండే వ్యవహారమని వాడికి అప్పుడే అర్థమైందన్నమాట. సెలవుల తర్వాత కూడా మళ్ళీ మొదటికొస్తుంది. పేరెంట్స్‌కి ఒక్క విషయం గట్టిగా చెప్పండి: పిల్లాడు చూడనప్పుడు జారుకోవద్దు, చెప్పే వెళ్ళాలి, చెప్పాక మాత్రం ఆగకూడదు. జారుకుంటే ఆరోజుకి గొడవ తప్పుతుంది గానీ మర్నాటి నుంచి వాడు అమ్మ చెయ్యి ఒక్క క్షణం కూడా వదలడు.

"ఏడవకు, ఏం కాలేదు" అనే మాట నేను మానేశాను. వాడికి అయింది కదా మరి. "అమ్మ వెళ్ళిపోయిందని బాధగా ఉంది నీకు. బ్లాక్స్ ఆట అయ్యాక, కథ అయ్యాక, చేతులు కడుక్కున్నాక, అమ్మ వస్తుంది" అని చెప్పి చూడండి. మూడు గంటలకి వస్తుందంటే వాళ్ళకి ఏమీ తెలియదు, కథ తర్వాత అంటే తెలుస్తుంది. ఆ తర్వాత చేతికి ఒక పని ఇవ్వండి, క్రేయాన్ల డబ్బాలు పంచమనండి చాలు. పని దొరికిన పిల్లాడు ఏడుస్తూనే పంచుతాడు, నాలుగో డబ్బా దగ్గర ఏడుపు సంగతి మర్చిపోతాడు.

ఒక పని ఆపి ఇంకో పనికి వెళ్ళేటప్పుడు

అసలు సంగతి ఇక్కడే ఉంది కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను.

ఆట మధ్యలో ఉన్నట్టుండి ఆపమంటే పెద్దవాళ్ళకే కోపం వస్తుంది. ముందే చెప్పండి, అయితే "ఇంకో ఐదు నిమిషాలు" అని కాదు, "ఇంకో రెండు బ్లాకులు పెట్టి ఆపేద్దాం" అని. లెక్క వాళ్ళ చేతిలో ఉండాలి. సర్దే టైంకి రోజూ ఒకే పాట పాడండి, ఏ పాటైనా సరే, మీ గొంతు బాగుండక్కర్లేదు, నాదీ బాగుండదు. రెండు మూడు వారాలకి పాట మొదలవగానే చేతులు వాటంతటవే కదులుతాయి, మీరు మాట్లాడే పనే ఉండదు.

సామాను ఎక్కడ పెట్టాలో వాళ్ళకి కనబడాలి కూడా. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో చిన్నపిల్లల కోసం బడి తెరిచి, బల్లలూ కుర్చీలూ అరలూ వాళ్ళ ఎత్తుకి తగ్గట్టు చేయించింది. ఇప్పుడు వింటే అందులో ఏముంది అనిపిస్తుంది గానీ, ఎన్నో క్లాసుల్లో ఈరోజుకీ డబ్బాలు టీచర్‌కి అందే ఎత్తులోనే ఉంటాయి, మళ్ళీ "వీళ్ళు ఏదీ సర్దరు" అని మనమే అంటాం. కింది అరలో పెట్టి, డబ్బా మీద లోపల ఉన్న వస్తువు బొమ్మ అతికించండి. చదవడం రానివాళ్ళకి పేరు రాసి పెడితే ఏం లాభం?

ఒకసారికి ఒకే మాట చెప్పండి. "పుస్తకం లోపల పెట్టి, బ్యాగు మూసి, బాటిల్ తీసుకుని, లైన్‌లోకి రండి" అంటే వాళ్ళకి చివరిది మాత్రమే వినిపిస్తుంది, లైన్‌లోకి వచ్చేస్తారు, బ్యాగు నోరు తెరుచుకుని అక్కడే ఉంటుంది. ఇంకోటి, కౌనిన్ చెప్పినవాటిలో నాకు చెంపదెబ్బలా తగిలింది ఇదే: ఒక పని ముగించి, కొత్తది మొదలుపెట్టించి, మళ్ళీ వెనక్కి వెళ్ళడం. "అందరూ కింద కూర్చోండి, కథ చెప్పుకుందాం... అన్నట్టు నిన్న ఇచ్చిన కాగితం ఎవరెవరు తెచ్చారు?" అంతే, పదిమంది లేచి బ్యాగుల దగ్గరికి పరిగెత్తారు, కథ గాలికి పోయింది. తప్పు పిల్లలదా?

అందర్నీ ఒకేసారి లేపకండి. ఎరుపు రంగు ఏదైనా వేసుకున్నవాళ్ళు ముందు, తర్వాత నీలం, ఇలా నలుగురు నలుగురుగా. వాళ్ళకి అది ఆట, మీకు తోపులాట ఉండదు. చేతులు కడగడం ఒకసారి లెక్కేసి చూడండి: సబ్బుతో 20 సెకన్లు రుద్దాలంటారు, ఇరవైమంది పిల్లలు, రెండు కుళాయిలు ఉన్నాయనుకుందాం, ఒక్క రుద్దడానికే మూడు నిమిషాలు దాటిపోతుంది, చొక్కా చేతులు మడవడం, తుడుచుకోవడం, నీళ్ళతో ఆడటం కలిపితే దానికి రెట్టింపు. అంతసేపు గోడకి ఆనుకుని ఊరికే నిలబడిన ఐదేళ్ళవాడు ముందున్నవాళ్ళ జడో చొక్కానో లాగకపోతేనే ఆశ్చర్యం. అందుకే లైన్ తీసేశాను. నలుగురు కుళాయి దగ్గర, మిగతావాళ్ళు కింద కూర్చుని పాటో పొడుపుకథో.

"పరిగెత్తొద్దు" కంటే "నడిచి రండి" బాగా పనిచేస్తుంది, ఏం చెయ్యకూడదో చెప్తే ఏం చెయ్యాలో వాళ్ళే వెతుక్కోవాలి కదా. గోల ఎక్కువైనప్పుడు దాని మీద ఇంకా గట్టిగా అరిస్తే గోల ఇంకో మెట్టు ఎక్కుతుంది. దగ్గరున్న ఇద్దరు పిల్లలతో గుసగుసగా ఏదో చెప్పడం మొదలుపెట్టండి. పిల్లలకి గుసగుస అంటే రహస్యం, రహస్యం అంటే చెవులు నిక్కబొడుచుకుంటాయి. రోజూ పనిచేస్తుందని గ్యారంటీ ఇవ్వలేను, వారంలో మూడు రోజులైతే పనిచేస్తుంది.

ప్రశ్న అడిగాక నోరు కట్టేసుకోవడం

మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో క్లాసుల రికార్డింగులు విని, టీచర్లు ప్రశ్న అడిగాక జవాబు కోసం సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని గమనించింది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవుగా వచ్చాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్ళు కూడా నోరు విప్పారు. మూడు సెకన్లంటే ఎంతలే అనుకుంటాం, క్లాసు ముందు నిలబడి ఆగి చూడండి, యుగంలా ఉంటుంది. నేను వీపు వెనక వేళ్ళు మడుచుకుని లెక్కపెడతాను. ప్రతిదానికీ ముందే అరిచి చెప్పేసే పిల్లాడు ఒకడు తప్పకుండా ఉంటాడు, వాడి ఉత్సాహం చంపకుండా "జవాబు తెలిసినవాళ్ళు ముక్కు పట్టుకోండి" అనండి. ముక్కు పట్టుకుని అరవడం కష్టం.

ఆగినందుకు ప్రతిసారీ జ్ఞానమే బయటపడదు లెండి. వాన ఎక్కడినుంచి వస్తుంది అని అడిగి ఓపిగ్గా ఆగితే, ఒక పాప బాగా ఆలోచించి, "మా తాతయ్యకి పన్ను ఊడిపోయింది" అంది. ఆరోజు పాఠం పళ్ళ మీద జరిగింది. బాగానే జరిగింది.

కొట్లాటలు, కొరుకుళ్ళు

మిల్డ్రెడ్ పార్టెన్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1932లోనే రాసింది, బాగా చిన్నపిల్లలు ఒకరితో ఒకరు కాదు, ఒకరి పక్కన ఒకరు ఆడుకుంటారని. రెండు మూడేళ్ళవాళ్ళని పట్టుకుని "షేర్ చేసుకోవాలి నాన్నా" అని ఉపన్యాసం ఇవ్వడం మన తృప్తి కోసమే. ఒకే రకం బొమ్మలు రెండేసి ఉంచండి, సగం గొడవలు అక్కడే పోతాయి. కాస్త పెద్దవాళ్ళకైతే వంతులు. వంతు కూడా కళ్ళకి కనబడాలి: ఇసుక గడియారమో, బోర్డు మీద వాళ్ళ పేరో.

కొరికినప్పుడు ముందు కొరికించుకున్న పిల్లల దగ్గరికి వెళ్ళండి. గాయం కడగండి, దగ్గరికి తీసుకోండి. కొరికినవాళ్ళకి తక్కువ గొంతుతో ఒకే వాక్యం: "కొరికితే నొప్పి పుడుతుంది, నేను కొరకనివ్వను." బలవంతంగా సారీ చెప్పించకండి, చిలకలా చెప్పి మళ్ళీ కొరుకుతారు. ఎన్ని గంటలకి, ఎవరి పక్కన, దేనికోసం జరిగిందో రాసి పెట్టుకోండి, నాలుగైదుసార్లు రాశాక తరచూ ఒకే వేళ బయటపడుతుంది, ఆకలి వేళో నిద్ర వేళో. మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలకి పగటి కునుకుతో కలిపి రోజుకి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. అది చాలని పిల్లాడికి మీరెన్ని నీతులు చెప్పినా ఎక్కవు. కొరికింది ఎవరో రెండోవాళ్ళ పేరెంట్స్‌కి చెప్పకండి, ఎంత గుచ్చి గుచ్చి అడిగినా సరే.

రాత గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. అక్షరాలు తిరగేసి రాయడం ఏడేళ్ళదాకా మామూలే. వేళ్ళకి బలం రాకుండా పెన్సిల్ పట్టించి పేజీలు నింపించడం కంటే కాగితం చింపించడం, మట్టి పిసికించడం, పూసలు గుచ్చించడం మేలు. పేరెంట్స్ ఒప్పుకోరు, తెలుసు. నిండిన పేజీలే వాళ్ళకి కనబడతాయి. పూసలు గుచ్చుతున్న ఫొటో పంపి, కింద "పెన్సిల్ పట్టుకునే వేళ్ళకి ఎక్సర్‌సైజు" అని రాయండి.

మీ రోజు బాగోలేనప్పుడు

ఏమీ కుదరని రోజులు వస్తాయి. బయట గాలివాన, ఇద్దరు సహాయకులు రాలేదు, మీకు తలనొప్పి. ఆరోజు ప్లాన్ పక్కన పడేయండి, తప్పేం లేదు. అందర్నీ కింద కూర్చోబెట్టి వాళ్ళకి బాగా తెలిసిన పాత కథే మళ్ళీ చదవండి, పిల్లలకి పాత కథంటే విసుగు రాదు, మీరు ఒక్క మాట మార్చినా పట్టుకుంటారు. గొంతు జాగ్రత్త, రోజంతా మాట్లాడే ఉద్యోగం ఇది, నీళ్ళ సీసా చేతికందేలా పెట్టుకోండి.

అరిచేస్తే? అరుస్తాం, మనుషులమే. కాసేపాగి, ఆ పిల్లాడి ఎత్తుకి వంగి, "ఇందాక గట్టిగా అరిచాను, భయపడ్డావు కదా, అలా అరవకుండా ఉండాల్సింది" అని చెప్పండి. నేను మొదటిసారి చెప్పినప్పుడు వాడు నా చెంప నిమిరి, "టీచర్, నువ్వు కూడా కాసేపు పడుకో" అన్నాడు.

సాయంత్రం గుమ్మం దగ్గర పేరెంట్స్ "ఎలా ఉన్నాడు ఈరోజు?" అంటారు. "బాగున్నాడు" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. చూసిందే ఒకటి చెప్పండి, "ఇవాళ తన షూ తనే వేసుకున్నాడు, ఎడమది కుడికి వేసుకున్నాడు గానీ తనే వేసుకున్నాడు" అని. ఫిర్యాదులుంటే పిల్లాడి తల మీదుగా వద్దు, తర్వాత ఫోన్‌లో.

అందరూ వెళ్ళిపోయాక కుర్చీలో కూలబడే ముందు ఇంకో పది నిమిషాలు ఓపిక పట్టండి, రేపటి బల్లలు ఇప్పుడే సర్దేయండి. పొద్దున ఆ పది నిమిషాలు దొరకవు. నేను ఇవాళ మట్టి ముద్దలు తడిగుడ్డలో చుట్టి పెట్టాను, నిన్న కొట్లాడుకున్న ఇద్దరు పిల్లలకీ చెరో ట్రే, ఒకే రంగువి.